తెలియనిదీ, తేలనిదీ

దగ్గర దగ్గర అర్థాలున్న ఇంగ్లీషు మాటలకి తేడా కావాలంటే ఎవరైనా డిక్షనరీ తీస్తారు. మా ఉద్దానంలో ఆ తేడాలు కిడ్నీ రిపోర్టుల్లో ఎదురవుతాయి.

'ఎక్యూట్', 'క్రానిక్' తీసుకోండి. మొదటిది గంటల్లోనో రోజుల్లోనో కిడ్నీని దెబ్బతీసేది. వేళకి వైద్యం అందితే చాలాసార్లు కిడ్నీ కోలుకుంటుంది. రెండోది 3 నెలలకి మించి నిలిచిపోయినది. అందులో పోయిన శక్తి సాధారణంగా తిరిగి రాదు, మిగిలింది కాపాడుకోవాలి. ఊళ్లో మాత్రం క్రానిక్ అంటే 'ముదిరిపోయింది' అనే అర్థం. నిజానికి అది కాలాన్ని చెప్పే మాట, తీవ్రతని కాదు. తొలి దశలో ఉన్నా క్రానిక్కే. ఇంకా కాపాడుకోగలిగిన కిడ్నీ ఉండగానే ఆశ వదిలేసుకోడానికి ఈ ఒక్క పొరపాటు చాలు.

'ట్రీట్‌మెంట్', 'క్యూర్' కూడా అంతే. డయాలసిస్ మొదటిదే. రక్తాన్ని శుభ్రం చేస్తుంది తప్ప కిడ్నీని బాగుచెయ్యదు. మనకి వైద్యం, నయం అని రెండు మాటలున్నా, ఆసుపత్రి గుమ్మంలో రెండూ కలిసిపోతాయి.

అన్నిటికన్నా చిక్కు 'సీకేడీయూ'లోని చివరి 'యూ'. దాన్ని కొందరు 'అన్‌నోన్' అని విప్పుతారు, కొందరు 'అన్‌సర్టెన్' అని. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో వరి రైతులకి వచ్చే జబ్బుకీ ఇదే పేరు. మా చిన్నాన్నకి ఇదంతా చెప్తే, "అంటే ఏటి, ఆల్లకీ తెల్దా?" అన్నాడు.

తెలియకపోవడం వేరు, తేలకపోవడం వేరు. నీళ్లు, ఎండలో ఒళ్లు ఎండిపోయే పని, పురుగుమందులు, నొప్పి మాత్రలు, వంశం... అనుమానితుల జాబితా ఉంది. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు ఊళ్లలో సర్వేలూ జరిగాయి. ఏ ఒక్కదాని మీదా నేరం రుజువు కాలేదు. 'రిస్క్ ఫ్యాక్టర్' అనుమానితుడు, 'కాజ్' రుజువైన దోషి. పేపర్లో మొదటిది రెండోదిగా మారిపోవడానికి ఒక్క హెడ్డింగు చాలు. మర్నాటి నుంచి బోరు నీళ్లే దోషి, మందుల షాపువాడి నొప్పి మాత్ర నిర్దోషి.

అలాగని తేలేదాకా ఆగక్కర్లేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. హిరమండలం నుంచి వంశధార నీళ్లు పైపుల్లో ఉద్దానానికి వచ్చే పథకమూ అప్పుడే మొదలైంది. నీళ్ల మీద నేరం రుజువై కాదు, అనుమానం ఉంది గనక, మంచినీళ్లు ఎలాగూ కావాలి గనక.

చిన్నాన్నకి ఆ 'యూ'ని 'ఇంకా తేలలేదు' అని చెప్పాను. "అయితే సూస్తన్నారన్నమాట," అన్నాడు. 'తెలీదు' అని ఉంటే ఆ మాట అనేవాడు కాదు.