మూడో నంబరు హెడ్డు

మా పత్రిక ముప్పై ఏళ్ళ సంచికల్ని జేబురుమాలులో చుట్టుకుని సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో ఆటో దిగాను.

అతిశయోక్తి కాదు. అరచేతిలో పట్టే ఒక టెరాబైటు ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కు అది. ఆఫీసు మారినప్పుడు పాత సంచికలన్నీ స్కాన్ చేయించి అందులో పెట్టించారు మా సంపాదకులు. "స్కానింగ్ అయిపోయింది కదా, ఇంకా ఈ దుమ్మెందుకు" అని బైండు పుస్తకాలన్నీ తూకానికి వేయించిందీ వారే. కిలోకి ఎంత వచ్చిందో నాకు గుర్తుంది. సిగ్గేసి చెప్పడం లేదు. పోయిన సోమవారం ఆ డిస్కును కంప్యూటరుకు తగిలిస్తే టిక్, టిక్, టిక్ అని కాసేపు కొట్టుకుని ఊరుకుంది. "నువ్వు వెళ్ళిరా. పనిలో పని, ఆ రిపేరు మనిషి మీద ఓ వ్యాసం రాసెయ్" అన్నారు సంపాదకులు. వారి దృష్టిలో కొంప మునగడం కూడా నాలుగు పేజీల మ్యాటరే.

చెనాయ్ ట్రేడ్ సెంటర్‌ను సీటీసీ అంటేనే ఆటోవాళ్ళకు తెలుస్తుంది. కంప్యూటర్ సామాన్ల దుకాణాల మధ్య భుజాలు రాసుకుంటూ వెళ్ళాలి. ఆ హడావుడంతా వదిలేస్తాను. నేను వెళ్ళాల్సిన గది పై అంతస్తులో చివరిది. గుమ్మం దగ్గరే చెప్పులు విప్పించారు. దేవుడి గదనుకున్నాను, దుమ్ము భయమట.

రిపేరు చేసే ఆయనకు యాభై దాటి ఉంటాయి. తొంభైల్లో వీసీఆర్‌లు బాగుచేసేవాడు. "అదీ హెడ్డే, ఇదీ హెడ్డే సార్. అది కనపడేది, ఇది కనపడది" అన్నాడు. నా డిస్కుకు కరెంటిచ్చి, స్క్రూడ్రైవర్ మొన దాని మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకున్నాడు. బండి ఇంజను చప్పుడు వినడానికి మెకానిక్కులు చేసే పనే. పట్టుమని ఐదు సెకన్లు విని కరెంటు తీసేశాడు.

"కింద పడ్డదా సార్?"

"లేదండీ."

"అందరు అదే అంటరు. నా దగ్గరికి వచ్చేటియన్నీ వాటంతటవే పోతయి."

అనుమానమొచ్చి ఆఫీసుకు ఫోన్ చేశాను. పడలేదట. టేబుల్ మీంచి జారిందట, తిరుగుతుండగానే.

నాకంటే ముందొచ్చినాయన స్టూలు మీద కూర్చుని గొణుగుతున్నాడు. నల్గొండ వైపు ఫొటో స్టూడియో. రెండు పెళ్ళిళ్ళు, ఒక ఓణీల ఫంక్షను ఆయన డిస్కులో ఉండిపోయాయి. యూట్యూబులో ఎవరో చెప్పారని దాన్ని రాత్రంతా ఫ్రీజర్‌లో పెట్టాడు. లోపల చెమ్మ పట్టింది. "డిస్కు ఐదు వేలు పెట్టి కొన్న. తీసిచ్చేటందుకు పాతిక వేలా అన్నా? వారంటీ ఉన్నది దీనికి."

"ఉన్నది తమ్మీ. కంపెనీకి పంపు, కొత్తదిస్తరు. ఖాళీది."

స్టూడియో మనిషి ఏమీ అనలేదు. కాసేపటికి తనలో తాను అనుకున్నట్టు, "పెండ్లి మళ్ళ చెయ్యమంటే చేస్తరా వాళ్ళు" అన్నాడు. ఆ మాటకు నవ్వు రాలేదు ఎవరికీ.

ఒక డిస్కు ఎన్నేళ్ళు బతుకుతుందని అడిగాను, వ్యాసానికి పనికొస్తుందని. "గది నన్నడగకండి. బతికున్నవి నా దగ్గరికి రావు" అన్నాడు. డాక్టర్లకు కూడా లేని నిజాయితీ ఇది.

బతికున్నవాటిని లెక్కపెట్టేవాళ్ళు వేరే ఉన్నారు. కంపెనీ కాగితాల్లో పది లక్షల గంటలు అని ఒక అంకె కనిపిస్తుంది. ఏళ్ళలోకి మారిస్తే 114. ముత్తాత కొన్నది మునిమనవడు వాడుకోవచ్చని మురిసిపోతాం. ఆ అంకెకు అర్థం అది కాదు. వెయ్యి డిస్కులు ఏడాది పొడుగునా తిరిగితే తొమ్మిది దాకా పోతాయని. అదైనా నిజమా అని అమెరికాలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి చెందిన బియాంకా ష్రోడర్, గార్త్ గిబ్సన్ సుమారు లక్ష డిస్కుల చిట్టా తిరగేసి 2007లో చెప్పారు: కాగితం ప్రకారం ఏడాదికి నూటికి ఒకటైనా పోకూడదు, రెండు నుంచి నాలుగు పోవడం మామూలుగా ఉంది, కొన్నిచోట్ల పదమూడు దాకా వెళ్ళింది. అదే ఏడాది గూగుల్ కూడా తన లక్షకు పైగా డిస్కుల కథ బయటపెట్టింది. డిస్కు తన జబ్బుల్ని తానే రాసుకునే పట్టీ ఒకటుంటుంది, స్మార్ట్ అంటారు. పాడైన సెక్టార్లను ఎన్నింటిని పక్కన పెట్టిందో అందులో తెలుస్తుంది. ఆ అంకె కదిలితే భయపడాల్సిందే. కదలకపోతే నిశ్చింతగా ఉండొచ్చా? వేడి సంగతి వదిలేస్తే, చచ్చిన డిస్కుల్లో నూటికి 36కు పైగా ఆ పట్టీలో ఒక్క మచ్చ కూడా లేకుండానే చచ్చాయి. కాలిఫోర్నియాలో బ్యాక్‌బ్లేజ్ అనే కంపెనీ 2013 నుంచి ఏ మోడలువి ఎన్ని పోయాయో లెక్క ఉంచి, పేర్లతో సహా ప్రకటిస్తోంది. ఈమధ్య ఏళ్ళలో నూటికి ఒకటికీ రెండుకీ మధ్య నడుస్తోంది. అవి చల్లటి గదిలో కదలకుండా తిరిగేవి. మా దానిలా టేబుళ్ళ మీంచి జారేవి కావు.

ఈ లెక్కలు చెబుతుంటే ఆయన వినలేదు. డోనర్ వెతుకుతున్నాడు. గోడనిండా ప్లాస్టిక్ డబ్బాలు, వాటిలో పాత డిస్కులు. డిస్కును చదివే హెడ్లు పాడైతే, వాటి స్థానంలో పెట్టడానికి ఇంకో డిస్కు హెడ్లు కావాలి. మోడలు ఒకటే అయితే సరిపోదు. తయారైన దేశం, తేదీ, లోపలి ప్రోగ్రాం (ఫర్మ్‌వేర్) కలవాలి. "అన్నదమ్ములైతే చాలదు సార్, కవలలు గావాలె." థాయ్‌లాండ్‌లో తయారైన కవల ఒకటి అరగంటకు దొరికింది.

తర్వాత చూసిందే ఈ వ్యాసానికి అసలు కారణం. గాలిని వడగట్టి వదిలే గాజు పెట్టె ముందు కూర్చున్నాడు. లేబులు మీద బొటనవేలు ఆడించి, దాని కింద దాగిన స్క్రూ ఎక్కడుందో పట్టుకున్నాడు. మూత లేచింది. లోపల రెండు గాజు పళ్ళేలు, ఒకదాని కింద ఒకటి, మొహం చూసుకోవచ్చు. రెండు పళ్ళేలకు నాలుగు ముఖాలు, ముఖానికో హెడ్డు. పళ్ళెం తిరుగుతూ లేపే గాలి మీద హెడ్డు తేలుతుంది, కొన్ని నానోమీటర్ల ఎత్తున. మన తలవెంట్రుక మందమే ఎనభై వేల నానోమీటర్ల దాకా ఉంటుంది. ఆ లెక్కన వేలిముద్ర దానికి కొండ.

చిన్న ప్లాస్టిక్ దువ్వెన లాంటిది తీసుకున్నాడు. హెడ్లు ఒకదానికొకటి తగలకుండా దాని పళ్ళు వాటి మధ్య దూరాలి. దూర్చేటప్పుడు ఆయన ఊపిరి తీసుకోలేదు. నేనూ తీసుకోలేదని తర్వాత తెలిసింది. వేళ్ళు కదులుతున్నట్టు కనిపించవు, దువ్వెన మాత్రం జరుగుతూ ఉంటుంది. ముగ్గులో ఆఖరి చుక్క దగ్గర పిండి ఆపే ఆడవాళ్ళ వేళ్ళు గుర్తొచ్చాయి. పాత హెడ్లు బయటికొచ్చాయి. లైటు వంచి కింది పళ్ళెం అడుగు చూశాడు. గోటితో గీసినట్టు సన్నని వలయం.

"మూడో నంబరు హెడ్డు. సున్నా నుంచి లెక్క. ఈ ముఖం పోయింది సార్."

కొత్త హెడ్లలో మూడో నంబరుదాన్ని కత్తిరించేశాడు. లేకపోతే అదీ ఆ గీతలో పడి చస్తుందట. మిగతా మూడింటితో చదివించడం మొదలుపెట్టాడు. "మూడు దినాలైతది. తొందరపెడ్తే ఇవిగూడ పోతయి."

ఆ మూడు రోజులూ నాకు పని లేదు, కోపం తప్ప. కోపం డిస్కు మీద కాదు. దాని బతుకు అంతేనని అమ్మేవాళ్ళకు తెలుసు, లెక్కపెట్టేవాళ్ళకు తెలుసు. తెలియనట్టు నటించింది మేం. తాటాకుకు చెద పడుతుందని మనవాళ్ళకు వందల ఏళ్ళుగా తెలుసు. అందుకే ఆకు శిథిలం కాకముందే ఇంకో ఆకు మీద ఎక్కించారు. మనకు మిగిలిన కావ్యం ప్రతిదీ నకలుకు నకలే. 1820ల్లో కడపలో బ్రౌన్ దొర పండితుల్నీ లేఖకుల్నీ జీతమిచ్చి కూర్చోబెట్టింది పాత ప్రతులు తెప్పించి, పోల్చి, మళ్ళీ రాయించడానికే. నిన్నమొన్నటి సంగతి చూడండి. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా సైటు మూతపడ్డాక కూడా అందులోని తెలుగు పుస్తకాలెన్నో మనకు దొరుకుతున్నాయంటే, కొందరు వాటిని ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి నకలు చేసి పెట్టబట్టే. స్కానింగ్ ప్రారంభోత్సవానికి శాలువాలు కప్పుతాం, ఫొటోలు వేస్తాం. (మేమూ వేశాం, రెండో పేజీలో.) మూడేళ్ళ తర్వాత గుర్తుపెట్టుకుని ఇంకో డిస్కులోకి ఎక్కించేవాడికి శాలువా లేదు, జీతం లేదు, అసలు అలాంటి మనిషే ఆఫీసులో లేడు. లేఖకుడి ఉద్యోగం తీసేసి ఆకును మాత్రం ఉంచుకున్నాం.

గురువారం సాయంత్రం వెళ్ళాను. తెర మీద ఆకుపచ్చ గళ్ళు, మధ్యమధ్య క్రమం తప్పకుండా నల్ల పట్టీలు. పేజీలన్నీ వరసగా ఒకచోట ఉంటాయనుకుంటాం. డిస్కు మాత్రం కొంత ఈ ముఖం మీద, కొంత ఆ ముఖం మీద రాసుకుంటూ పోతుంది. నాలుగో ముఖం వంతు వచ్చిన ప్రతిచోటా నలుపే. ఒక దీపావళి సంచికలో 12వ పేజీ దాకా ఉంది, తర్వాత 31 నుంచి మొదలైంది. ఒక కథలో పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు కాఫీ తాగకుండానే మాయమయ్యారు.

బిల్లు రాస్తూ రెండు కొత్త డిస్కులు తెమ్మన్నాడు, రెండూ వేర్వేరు కంపెనీలవి. తేగానే రెండింటికీ కాగితం టేపు అంటించి కొన్న తేదీ రాశాడు. సంపాదకులకు ఫోన్ చేశాను.

"ఎంత పోయింది?"

"దాదాపు పావు వంతు."

"రెండు డిస్కులెందుకోయ్?"

స్పీకర్‌లో విన్నట్టున్నాడు, ఆయన తలెత్తి నా వైపు చూశాడు. "ఒకటి ఆఫీసులో, ఒకటి మా ఇంట్లో" అని చెప్పి పెట్టేశాను. స్టూడియో మనిషి ఇంకా రాలేదట. చందా పోగు చేస్తున్నాడేమో అన్నాడు.

పోయిన పేజీల పట్టిక ఈ సంచికలోనే వేస్తున్నాం. ఆ సంచికలు మీ అటక మీదో మంచం కిందో ఉంటే దయచేసి మాకు పంపకండి. ఫోన్ చేయండి. మీ ఇంటికే వచ్చి, మీ ఎదుటే ఫొటోలు తీసుకుని, పుస్తకం మీ చేతుల్లోనే పెట్టి వెళ్తాం.