మనవడికి ఇచ్చిన మాట

మాట ఇచ్చే ముందు దాని బరువు తూచుకోవాలని మేము మదర్సాలో ఏళ్ళ తరబడి విద్యార్థులకు బోధిస్తూ వస్తున్నాము. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఆమిర్ (రజి) చిన్నతనంలో ఒకనాడు ఆయన తల్లి, ఇలా వస్తే నీకొకటి ఇస్తానని ఆయనను పిలిచింది. ఆ సమయంలో వారి ఇంట్లోనే ఉన్న దైవప్రవక్త (స), పిల్లవాడికి ఏమి ఇవ్వదలిచావని ఆమెను అడిగారు. ఖర్జూరం ఇస్తానని ఆమె చెప్పింది. నీవు ఏమీ ఇవ్వకపోయి ఉంటే అది నీ పేర ఒక అబద్ధంగా వ్రాయబడేదని ఆయన హెచ్చరించారు. అబూదావూద్ సంకలనంలోని ఈ హదీసును ఎన్నో తరగతులలో వివరించిన మాకు, గత సంవత్సరం ఒక ఆటకారు దానిని మళ్ళీ మొదటి నుంచి నేర్పింది.

మా పెద్దమ్మాయి కొడుకు పన్నెండేళ్ళవాడు. ముప్పయ్యవ పారాలోని 37 సూరాలూ కంఠస్థం చేసి అప్పజెప్పాడు. ఆ సంతోషంలో, "ఏమి కావాలో అడుగు బేటా, కొనిస్తాము" అన్నాము. వాడు తడుముకోకుండా, "రిమోట్ డ్రిఫ్ట్ కారు నానా" అన్నాడు. సరేనన్నాము. డ్రిఫ్ట్ అంటే ఏమిటో మాకు తెలియదు. అడగాలని కూడా తోచలేదు.

మరునాడు బజారులో ఒక దుకాణంలో 900 రూపాయలకు ఎర్రటి కారు కొన్నాము. పెట్టె మీద డ్రిఫ్ట్ అని పెద్ద అక్షరాలతో ఉంది. మాట చెల్లించామన్న తృప్తితో ఇంటికి తెచ్చాము. వాడు షుక్రియా చెప్పి తీసుకున్నాడు. మూడు వారాలలో దాని లోపలి పళ్ళ చక్రం విరిగింది. ఆ దుకాణానికి వెళితే, దీనికి విడి భాగాలు రావు, కొత్తది తీసుకోండి అన్నారు. వాడు కారును అటక మీద పెట్టేశాడు. ఏడవలేదు, ఫిర్యాదు చేయలేదు. మేమే పట్టలేక, "అడిగింది కొనిచ్చాము కదా, జాగ్రత్తగా వాడుకోవద్దా?" అన్నాము. వాడు తల వంచుకుని, "మీరు కారు కొన్నారు నానా. నేను అడిగింది అది కాదు" అన్నాడు.

ఆ రాత్రి ఇషా తరువాత చాలాసేపు నిద్ర పట్టలేదు. మాట నిలబెట్టుకున్నామా, లేక దాని పేరును మాత్రమే నిలబెట్టామా?

మా వద్ద చదువుకున్న ఒక యువకుడు ఇప్పుడు మొబైల్ ఫోన్లు బాగుచేసే దుకాణం నడుపుతున్నాడు. ఇటువంటి కార్లతో అతనికి పరిచయముంది. మనవడిని వెంటబెట్టుకుని అతని వద్దకు వెళ్ళాము. గురువు శిష్యుడి ముందు విద్యార్థిగా కూర్చోవడంలో చిన్నతనమేమీ లేదు.

అతను చెప్పినదానిని బట్టి, డ్రిఫ్ట్ అంటే కారు వేగంగా వెళ్ళడం కాదు. మలుపులో వెనుక చక్రాలు పట్టు తప్పి పక్కకు జారుతుంటే, ముందు చక్రాలను జారే వైపుకే తిప్పి, ఆ జారుడును అదుపులో ఉంచుకుంటూ ముందుకు సాగడం. 1970లలో జపాన్ పందెగాడు కునిమిత్సు తకహాషి మలుపులలో చూపిన ఈ పద్ధతిని, తరువాత కెయిచి త్సుచియా ప్రపంచానికి పరిచయం చేశాడు. రిమోట్ కార్లలో దీనికోసం రబ్బరు టైర్లకు బదులు గట్టి ప్లాస్టిక్ టైర్లు వాడతారు. పట్టు తక్కువగా ఉండడమే వాటి పని.

మేము తెచ్చిన 900 రూపాయల బొమ్మలో లోపం ఎక్కడుందో అప్పుడు అర్థమైంది. దానిలో ఎడమ మీట నొక్కితే చక్రాలు పూర్తిగా ఎడమకు, కుడి మీట నొక్కితే పూర్తిగా కుడికి తిరుగుతాయి. మధ్యస్థంగా ఏదీ లేదు. అసలైన కారులో రిమోట్ చక్రాన్ని కొంచెం తిప్పితే కొంచెం, ఎక్కువ తిప్పితే ఎక్కువ తిరుగుతుంది. వేగమూ అంతే. ఆ కొలత లేనిదే డ్రిఫ్ట్ లేదు.

తరువాత లెక్కలు చూశాము. మూరెడు పొడవుండే 1:10 పరిమాణపు కార్లు ఈ ఆటలో ప్రధానమైనవి. జపాన్‌కు చెందిన తామియా వారి టీటీ-02డి వంటివి విడి భాగాలుగా వస్తాయి, ఇంట్లోనే బిగించుకోవాలి. మోటారు పెట్టెలోనే ఉంటుంది. కాని రిమోటు, చక్రాలు తిప్పే సర్వో, బ్యాటరీ, ఛార్జరు వేరుగా కొనాలి. పెట్టె మీది ధర చూసి ఆశపడినవారు ఇక్కడే చిక్కుకుంటారు. వెనుక చక్రాలతో మాత్రమే నడిచే కార్లయితే గైరో అనే మరో పరికరం కూడా కావాలి. కారు వెనుకభాగం జారగానే అది పసిగట్టి ముందు చక్రాలను సరిదిద్దుతుంది. అది లేకుంటే కొత్తవారి చేతిలో ఆ కారు బొంగరంలా తిరుగుతుంది.

మా వద్ద ఉన్నది 9,000 రూపాయలు. అందులో 2,500 వాడు దాచుకున్న ఈదీ. అన్నీ కలిపితే పెద్ద కారు దీనికి మూడింతలు దాటింది. మనవడి ముఖం చిన్నబోయింది. అప్పుడు మా శిష్యుడు, "మౌలానా, నేర్చుకోవడానికి జానెడైనా లేని కారు చాలు" అని 1:28 పరిమాణపు కారును చూపాడు. నాలుగు చక్రాలూ తిరిగేది కనుక ముందు చక్రాలు కారును లాగుతాయి, కొత్తవారికి అదుపు సులువు. రిమోటు, బ్యాటరీ, ఛార్జరు పెట్టెలోనే ఉన్నాయి. అన్నిటికంటే ముఖ్యంగా పళ్ళ చక్రం నుంచి ఇరుసు వరకు ప్రతి భాగమూ విడిగా దొరుకుతుంది. కారుకు 6,200, అదనపు టైర్లకూ పళ్ళ చక్రాలకూ 900, ఇంకొక బ్యాటరీకి 700. మిగిలిన 1,200 రూపాయలను మరమ్మతుల కోసం వాడి డబ్బాలోనే వేయించాము.

ఆటవస్తువుకు ఇంత ఖర్చు దుబారా కాదా అని మా శ్రీమతి అడిగింది. అడగవలసిన ప్రశ్నే. దివ్య ఖుర్‌ఆన్‌లోని ఫుర్ఖాన్ సూరా 67వ ఆయతు, అల్లాహ్ దాసులు ఖర్చులో దుబారా చేయరని, పిసినారితనమూ చూపరని, ఆ రెంటి మధ్య సాగుతారని తెలుపుతుంది. మేము దుబారాకు భయపడి చౌకది కొన్నాము. మూడు వారాలలో అటకెక్కిన ఆ 900 రూపాయలే అసలైన దుబారా. అప్పు చేయకుండా, ఇంటి అవసరాలు తగ్గించకుండా, బాగుచేసుకోగల వస్తువును కొనడం మధ్యేమార్గమని ఆమెకు వివరించాము. ఆమె ఒప్పుకుంది గాని, మగ్రిబ్ అజాన్ లోపు కారు పెట్టెలోకి చేరాలని షరతు పెట్టింది.

లిథియం బ్యాటరీ విషయంలో మా శిష్యుడు గట్టిగా చెప్పిన జాగ్రత్తలను తల్లిదండ్రులందరూ గుర్తుంచుకోవాలి. దానికి తగిన ఛార్జరుతోనే, పెద్దలు ఎదుట ఉన్నప్పుడే ఛార్జింగు పెట్టాలి. పరుపు మీద కాక రాతి గచ్చు మీద ఉంచాలి. రాత్రంతా వదిలేయకూడదు. ఉబ్బిన బ్యాటరీని మళ్ళీ వాడకూడదు.

మొదట డాబా మీద నడిపితే గరుకు సిమెంటుకు టైర్లు అరిగి, దుమ్ము పళ్ళ చక్రాలలో చేరింది. తరువాత వరండాలోని నున్నని నాపరాళ్ళ మీదకు మార్చాడు. అక్కడ అది నిజంగానే జారింది. ఒకరోజు రిమోటు మా చేతికిచ్చాడు. కారు కుడికి జారగానే మేము కంగారుపడి ఎడమకు తిప్పాము, అది గిర్రున తిరిగి గోడకు కొట్టుకుంది. వాడు నవ్వాపుకుంటూ, "జారే వైపుకే తిప్పాలి నానా, మెల్లగా" అన్నాడు. ఆ దెబ్బకు విరిగిన భాగాన్ని వాడే స్క్రూడ్రైవరుతో విప్పి, మర్నాటికి మార్చుకున్నాడు.

పాత ఎర్ర కారును మేము పారవేయలేదు. అది మా పుస్తకాల అలమరలో హదీసు గ్రంథాల పక్కనే ఉంది. పిల్లలకు మాట ఇచ్చేటప్పుడు, ఆ మాటను వారు ఏ అర్థంలో విన్నారో అడిగి తెలుసుకోవాలని అది మాకు గుర్తుచేస్తూ ఉంటుంది. కొనగలిగితే కొనిద్దాం. కొనలేకపోతే ఆ మాటే నేరుగా చెబుదాం. పిల్లలు లేమిని అర్థం చేసుకుంటారు. పేరుకు మాత్రమే చెల్లించిన మాటను మర్చిపోరు.