వెండితెర సింహాలూ... జూపార్కు సింహాలూ!

తిరుపతికి వచ్చినవాళ్ళంతా అలిపిరి దగ్గర తలెత్తి కొండవైపు చూస్తారు. మేమేమో అక్కణ్ణించి పక్కకు మళ్ళాం! చెర్లోపల్లి వైపు పోయే ఆ దారిని అందరూ జూపార్కు రోడ్డనే అంటారు. చిత్తూరులో పొద్దున్నే బస్సెక్కించుకొచ్చిన మా అక్క కొడుకు (పదో తరగతి లెండి) దారంతా సణుగుడే.

"ఏం మామా, సినిమాకి పోదామని చెప్పి ఈడికి తెచ్చినావే?"

"సినిమాలో సింహాలు ఉత్తుత్తివిరా అబ్బోడా! ఈడ అసలువి చూద్దువు రా" అన్నాను.

శ్రీ వెంకటేశ్వర జంతు ప్రదర్శనశాల 1987 సెప్టెంబరు 29న మొదలైంది. విస్తీర్ణం ఎంతో తెలుసా? 5,532 ఎకరాలు! అన్ని ఎకరాలూ బోనులే అనుకునేరు... చాలాభాగం శేషాచలం కొండల కిందున్న అడవే. నడిచే చూసేస్తాం అనే వీరులు మధ్యాహ్నానికి ఏ చెట్టుకిందో కూలబడతారు. మేమూ కూలబడ్డాం. అక్క అరిటాకులో కట్టిచ్చిన చిత్రాన్నం ఆదుకుంది.

తెల్లపులి దగ్గర మాత్రం మావాడు సణుగుడు మానేశాడు. అది వేరే జాతేమీ కాదు, మన బెంగాల్ పులే. 1951లో రేవా అడవుల్లో పట్టుబడ్డ మోహన్ అనే తెల్ల పులిపిల్ల వంశమే దేశదేశాల జూలకూ పాకింది. ఆ రంగు కోసం దగ్గరి చుట్టాలనే జత కలుపుతూ పోవడంతో చాలావాటికి మెల్లకన్నూ, ఇతర జబ్బులూ పట్టుకున్నాయి. అందానికి అదీ ఖరీదు!

అన్నట్టు, నేను మొట్టమొదట సింహాన్ని చూసింది జూలో కాదు, చిన్నప్పుడు చిత్తూరులో వేసిన సర్కస్ డేరాలో. కొరడా చప్పుడు వినపడగానే స్టూలెక్కి కూర్చుంది పాపం! మేం ఈలలేశాం. 'అడవి రాముడు' (1977)లో ఏనుగుల్ని చూసి ఈలలేసిన తరం కదా! కొండవీటి సింహం, బొబ్బిలి పులి... మా హీరోలంతా మృగరాజులే అప్పట్లో.

1998 అక్టోబరులో కేంద్రం సింహం, పులి, చిరుత, ఎలుగుబంటి, కోతి... ఈ అయిదింటి చేత ఆటలాడించకూడదని ఉత్తర్వు ఇచ్చింది. సర్కస్‌వాళ్ళు కోర్టుకెక్కారు. 2001లో సుప్రీంకోర్టు ఉత్తర్వునే సమర్థించింది. మరి డేరాల్లోని సింహాలన్నీ ఎక్కడికి పోవాలి? వాటికోసం దేశంలో కొన్నిచోట్ల పునరావాస కేంద్రాలు పెట్టారు. అందులో ఒకటి ఈ తిరుపతి జూలోనే! గిర్ సింహాలకూ ఆఫ్రికా సింహాలకూ పుట్టిన సంకరజాతి అవి. అందుకని సంతానం కలగనివ్వలేదు. జనానికి చూపించడానికీ కాదు. టికెట్లూ చప్పట్లూ లేని చోట ముసలివై పోయాయి. మా చిత్తూరు డేరాలో స్టూలెక్కిన సింహం ఎక్కడ కన్నుమూసిందో ఏమో!

ఇలా ఆలోచిస్తూ సింహం ఆవరణ దగ్గర నిలబడ్డానా... పక్కకు చూస్తే మావాడు లేడు! కమ్మీ మీదకి ఒక కాలెత్తి, ఫోను ముందుకి చాచి, వెనక్కి తిరిగి నవ్వుతున్నాడు. సింహంతో ఫోటో కావాలట! చొక్కా పట్టుకుని లాగేశాను. గుండె ఎంత కొట్టుకుందో చెప్పలేను.

"ఏమైంది మామా ఇప్పుడు? పడతానా ఏం?"

చెప్పాను. 2024 ఫిబ్రవరి 15న రాజస్థాన్ నుంచి వచ్చిన ఒక మనిషి ఇదే జూలో కంచె దాటి సింహం ముందుకు దూకాడు. బతకలేదు. 'ఆర్ఆర్ఆర్'లో తారక్ మీదకి దూకిన పులిని కంప్యూటరు మీద తయారుచేశారు, ఇక్కడ గ్రాఫిక్సు లేదు నాయనా అన్నాను. అంతకుముందు ఏడాది ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఆరేళ్ళ పసిపాపని చిరుత చంపిన సంగతి వాడికి తెలుసు. తర్వాత నడిచి కొండెక్కేవాళ్ళకి కర్రలు పంచారని వాడే గుర్తుచేశాడు. ఆ దారిలో పట్టుబడ్డ చిరుతల్ని ఈ జూకే తెచ్చారని నేను చెప్పాను. ఆ మాటకి వాడు కొండవైపు ఒకసారి, బోనువైపు ఒకసారి చూశాడు. ఏమీ అనలేదు.

తిరుగు బస్సులో ఫోను తీసి ఫోటో చూపించాడు. సగం మావాడి చెవి, వెనక దూరంగా చెట్టునీడలో పడుకున్న సింహం వీపు.

"మొహమే చూపించలేదు మామా అది!"

"దానికేం పని, షూటింగా?" అన్నాను.

కాసేపు ఊరుకుని, "చిత్తూరు చేరేసరికి సెకండ్ షో దొరుకుతుందా?" అన్నాడు.

దొరికింది.