బయానా నుంచి దస్తావేజు దాకా

స్థిరాస్తి కొనుగోలులో సొమ్ము చేతులు మారే రోజు, హక్కు చేతులు మారే రోజు సాధారణంగా ఒకటి కావు. ఆ రెండింటి నడుమ కొనుగోలుదారుకు రక్షణగా నిలిచేది ప్రధానంగా ఒప్పందమే. విక్రయ ఒప్పందం, అంటే వాడుకలో అగ్రిమెంటు, దానంతట అది ఆస్తిపై ఎలాంటి హక్కునూ కల్పించదని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 54వ సెక్షన్ స్పష్టంగా చెబుతుంది. 1872 నాటి ఒప్పందాల చట్టం కింద ఏర్పడే బాధ్యత ముఖ్యంగా ఒప్పుకున్న పక్షాలకే పరిమితం కాగా, ఆస్తి హక్కు ఊరందరి మీదా చెల్లుతుంది. మొదటిది రెండవదిగా మారాలంటే, వంద రూపాయలు, ఆపై విలువగల స్థిరాస్తి విషయంలో, రిజిస్టరైన క్రయ దస్తావేజు కావాలి. జీపీఏ, అంటే ఆస్తి వ్యవహారాలు నడిపే అధికారాన్ని మరొకరికి అప్పగించే పత్రం, యాజమాన్యాన్ని బదిలీ చేయదని 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

ఇంటి స్థలం కొనే సందర్భంలో ఈ వ్యాసకర్త తీసుకున్న నిర్ణయాలకు ఈ తేడాయే ఆధారం. రిజిస్టరైన ఒప్పందం లేకుండా బిల్డర్ పదిశాతానికి మించి తీసుకోరాదని 2016 నాటి రెరా చట్టం, అంటే స్థిరాస్తి రంగ నియంత్రణ చట్టం, విధించిన హద్దు వ్యక్తుల మధ్య అమ్మకాలకు వర్తించకపోయినా, బయానాకు, అంటే ముందస్తు సొమ్ముకు, ఆ కొలతనే పెట్టుకోవడం, దానిని చెక్కు ద్వారానే ఇవ్వడం, అగ్రిమెంటును స్టాంపు కాగితంతో ఆపకుండా రిజిస్టరు చేయించడం వాటిలో ముఖ్యమైనవి. ఈ చివరిదాన్ని దండగ ఖర్చుగా చూసేవారు చాలామంది ఉన్నారు గాని, అసలు బలం అక్కడే ఉంది. అమ్మకందారు అదే స్థలాన్ని మరొకరికి అమ్మితే, మొదటి ఒప్పందం సంగతి తెలియక, సదుద్దేశంతో సొమ్ము చెల్లించి కొన్న ఆ రెండో వ్యక్తికి 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టం రక్షణ ఇస్తుంది. అగ్రిమెంటు రిజిస్టరై ఈసీలో, అంటే ఆస్తిపై జరిగిన లావాదేవీలను చూపే పత్రంలో, కనబడుతుంటే తెలియదనే వాదన నిలవడం కష్టం. ఇద్దరి మధ్య మాట మూడో మనిషిని కూడా కట్టడి చేసేది ఇక్కడే.

చెక్కుకూ ఇంతే ప్రాధాన్యం ఉంది. అమ్మకందారు వెనక్కి తగ్గితే దస్తావేజు రాసివ్వమని కోర్టును కోరవచ్చు, నిర్దిష్ట ఉపశమన చట్టానికి 2018లో జరిగిన సవరణ తరవాత ఆ ఉపశమనం కేవలం న్యాయమూర్తి విచక్షణపై ఆధారపడటం లేదు. అయినా కొనుగోలుదారు తాను మొదటినుంచీ సిద్ధంగా ఉన్నట్లు చూపాలి, ఆ పనికి నోటిమాట కంటే బ్యాంకు ఖాతా నమ్మదగిన సాక్షి. తన తప్పు లేకుండా లావాదేవీ చెడిన కొనుగోలుదారుకు, ముందుగా చెల్లించిన సొమ్ము మేరకు అమ్మకందారుకు ఆ ఆస్తిలో ఉన్న హక్కుపై చార్జి, అంటే ఆ ఆస్తి నుంచే సొమ్ము రాబట్టుకునే హక్కు, ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ కింద ఉంటుంది.

ఈ జాగ్రత్తలు తీసుకునే స్తోమత అందరికీ లేదన్నది బాధాకరమైన నిజం. తెలంగాణ పల్లెల్లో తెల్లకాగితం మీద రాసుకున్న సాదాబైనామాలతో పొలం కొని, పూర్తి సొమ్ము చెల్లించి, ఏళ్ల తరబడి దున్నుకుంటున్న చిన్న రైతులు ఎందరో పట్టాదారు పేరు మారక అవస్థ పడ్డారు. అలాంటి కాగితాలను క్రమబద్ధం చేసే ఏర్పాటును ప్రభుత్వాలు రాయితీగా చూడటం సరికాదు. ఆ రైతులు తమ వంతు మాట ఎప్పుడో నిలబెట్టుకున్నారు.