చీకటి రోజుల్లోనే వెళ్దాం

కిందటేడు నవంబరు చివరి వారం. కాకినాడలో ఓ ఇంట్లో సాయంత్రం ఫోను మోగింది. నార్వే నుంచి అమ్మాయి. మాట్లాడింది మూడంటే మూడు నిమిషాలు. అందులోనూ ‘ఊఁ’లే ఎక్కువ. ‘సరే అమ్మా, ఉంటా’ అని పెట్టేసింది.

‘పనెక్కువగా ఉందేమోలే’ అన్నారాయన, పేపర్లోంచి తల ఎత్తకుండానే. ఆవిడ ఏమీ అనలేదు. గోడ మీద క్యాలెండరు వంక చూశారు. అంతకు ముందేడూ ఇవే రోజులు. నవంబరు చివర్లో మొదలైన ‘ఊఁ’లు ఫిబ్రవరి దాకా సాగుతాయి. మార్చి వచ్చేసరికి పిల్ల మళ్లీ మామూలుగా గలగలా మాట్లాడుతుంది. ఇదేదో పని ఒత్తిడి కాదని ఆ తల్లికి అప్పుడే అనుమానం వచ్చింది.

అమ్మాయి పరిశోధన చేస్తున్న ఊరు ట్రోమ్సో. ఆర్కిటిక్ వలయానికి ఇంకా సుమారు మూడు వందల యాభై కిలోమీటర్లు ఉత్తరాన, ఓ దీవి మీద ఉన్న సముద్ర తీర నగరం. అంత పైన ఉన్నా అక్కడి విశ్వవిద్యాలయం పెద్దదే. 1972లో తలుపులు తెరిచింది. అక్కడ నవంబరు 27 ప్రాంతంలో అస్తమించిన సూర్యుడు మళ్లీ జనవరి మధ్య దాకా ఉదయించడు. రమారమి ఏడు వారాలు. మన కాకినాడ పదిహేడు డిగ్రీల అక్షాంశం మీద ఉంటే, ఆ ఊరు దాదాపు డెబ్భైకి దగ్గర. భూమి వాలుగా తిరుగుతుంది కాబట్టి శీతాకాలంలో ఆ పైభాగమంతా సూర్యుడికి ఎడంగా జరిగిపోతుంది. ఇదంతా ఆయన ముప్ఫై ఏళ్లపాటు తరగతి గదిలో బంతీ, దీపమూ పెట్టి పిల్లలకు చెప్పిన పాఠమే. ఆ పాఠం ఇంట్లోకి వచ్చి ఇలా కూర్చుంటుందని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు.

మార్చిలో అమ్మాయి నెమ్మదిగా అసలు సంగతి చెప్పింది. ‘పొద్దున్న లేవాలనిపించదమ్మా. లేచినా రాత్రే, ఇంటికొచ్చినా రాత్రే. ఒక్కోరోజు మధ్యాహ్నం దాకా పడుకునే ఉండిపోయా. డాక్టరుకు చూపించుకున్నాను. ఇప్పుడు బాగానే ఉంది, కంగారు పడకు.’ కళ్ల మీద పడే వెలుతురును బట్టే మన ఒంట్లోని గడియారం నడుస్తుందట. పొద్దుటి వెలుగు లేకపోతే నిద్రా, ఉత్సాహమూ గాడి తప్పుతాయట. అందుకే అక్కడ కొందరు పొద్దున్నే ప్రకాశవంతమైన దీపం ముందు కూర్చుంటారు. పేరులో ‘ఆర్’ అక్షరం ఉన్న నెలల్లో, అంటే సెప్టెంబరు నుంచి ఏప్రిల్ దాకా, కాడ్ చేప కాలేయం నూనె చెంచాతో తాగడం అక్కడి వాళ్ల పాత అలవాటు. ‘నేనూ తాగుతున్నాలే’ అంది అమ్మాయి. చేప వాసనే పడని పిల్ల!

ఆ తర్వాత ప్రయాణం మాట వచ్చింది. ‘జూన్‌లో రండి. మే 20 నుంచి జులై 22 దాకా మాకు పొద్దే గుంకదు. అర్ధరాత్రి ఎండలో తిప్పుతా’ అంది. ఆయనకు ఆ మాట నచ్చింది. చలి బాధ లేదు, మోకాలికీ హాయి. ఆవిడ ఒప్పుకోలేదు.

‘జనవరిలో వస్తాం’ అన్నారు.

‘జనవరిలో చూడ్డానికి ఏముంటుందమ్మా, చీకటి తప్ప?’

‘నువ్వుంటావుగా.’

అవతల కాసేపు మాట లేదు.

బంధువులు మాత్రం ఊరుకోలేదు. ‘చలికాలంలో ఎవరైనా అక్కడికి పోతారా? మీకేమైనా మతి పోయిందా?’ అన్నారు. ఆవిడ అందరికీ ఒకటే జవాబు చెప్పారు. ‘పురిటికి వెళ్లాల్సింది పురిటి రోజుల్లోనే కదా. అన్నీ సర్దుకున్నాక వెళ్తే చుట్టపు చూపు అవుతుంది.’

అలా నిర్ణయం అయిపోయింది. ఇక ఏర్పాట్లు ఆయన వంతు. ఓ రెండు వందల పేజీల నోటుబుక్కు కొన్నారు. మొదటి పేజీలో వీసా. నార్వే యూరోపియన్ యూనియన్‌లో లేకపోయినా షెంగెన్ ఒప్పందంలో ఉంది. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు పెట్టుకోవచ్చు, పదిహేను రోజులకన్నా ఆలస్యం చేయకూడదు. రుసుము పెద్దవాళ్లకు తలా తొంభై యూరోలు. వైద్యానికి కనీసం ముప్ఫై వేల యూరోల బీమా తప్పనిసరి. అమ్మాయి ఆహ్వాన పత్రం, పెన్షన్ కాగితాలు, బ్యాంకు పుస్తకం నకళ్లు... అన్నీ కట్టగట్టి సెప్టెంబరులోనే పెట్టేశారు.

రెండో పేజీలో చలి. ఆయన మైనస్ ముప్ఫై, నలభై అని భయపడ్డారు. తీరా చూస్తే ట్రోమ్సోలో జనవరి సగటు మైనస్ మూడు, నాలుగు డిగ్రీలే! అట్లాంటిక్ మహాసముద్రం మీదుగా వచ్చే వెచ్చటి నీటి ప్రవాహం ఆ తీరాన్ని కాపాడుతుంది. అందుకే అంత ఉత్తరాన ఉన్నా రేవు గడ్డకట్టదు. అదే అక్షాంశం మీద సైబీరియాలోనో, అలాస్కాలోనో అయితే కథ వేరు. ‘సముద్రం ఒడ్డు ఊరే కదండీ, మనలాగే’ అన్నారావిడ ధీమాగా.

అసలు భయం చలి కాదు, జారుడు. అక్కడ మంచు పడుతుంది, మధ్యలో కరుగుతుంది, మళ్లీ గడ్డకడుతుంది. అప్పుడు రోడ్డు అద్దంలా తయారవుతుంది. ఆయన మోకాలికి శస్త్రచికిత్స జరిగి నాలుగేళ్లయింది. ‘చలికి ఏం కాదు మాస్టారూ, పడితేనే ప్రమాదం’ అన్నారు డాక్టరు. దానికీ ఉపాయం ఉందని అమ్మాయి చెప్పింది. బూటు కింద తగిలించుకునే రబ్బరు పట్టీలుంటాయి. వాటికి చిన్న చిన్న ఇనుప ముళ్లు. అక్కడ పెద్దవాళ్లంతా అవి వేసుకునే బజారుకు వెళ్తారు, అందులో నామోషీ ఏమీ లేదు.

బట్టల సంగతి మరో పేజీ. ఒంటికి తగిలే లోపలి బనీను నూలుది కాకూడదు, ఉన్నిది కావాలి. నూలు చెమటను పట్టి ఉంచుతుంది, తడి ఆరక ఒళ్లు చల్లబడుతుంది. దాని మీద స్వెట్టరు, పైన గాలి దూరని కోటు. ఒకే మందపాటి కోటుకన్నా పొరలు పొరలుగా వేసుకోవడం మేలు. లోపలికి వెళ్తే విప్పుకోవచ్చు. చీర మీద ఇవన్నీ ఎలాగా అని ఆవిడ నాలుగు రోజులు ఆలోచించారు. చివరికి జీవితంలో మొదటిసారి రెండు ప్యాంట్లు కొనుక్కున్నారు. ఆయన నవ్వితే, ‘మీరు నవ్వండి, జారి పడేది నేను కాదుగా’ అన్నారు.

తినుబండారాల దగ్గర అసలు చిక్కు వచ్చింది. పాలతో, మాంసంతో చేసినవి మన దేశం నుంచి వెంట తీసుకెళ్లనివ్వరు. అంటే ఇంట్లో కాచిన నెయ్యి లేదు, సున్నుండలు లేవు, పాలకోవా లేదు. ఆవిడ ఆ రోజంతా మూతి ముడుచుకున్నారు. తర్వాత తేరుకుని కొత్త జాబితా వేశారు. నువ్వులుండలు, నూనెలో వేయించిన అరిసెలు, కందిపొడి, గోంగూర పచ్చడి. పండగ అక్కడే చేయాలి మరి. ఎందుకంటే వాళ్లు చేరేది జనవరి 8న, తిరుగు ప్రయాణం 29న.

ఆ తేదీలు ఊరికే పెట్టుకున్నవి కావు. సూర్యుడు నిజంగా ఉత్తరానికి మళ్లేది డిసెంబరు 21, 22 తేదీల్లో. మన పండగ నాటికి ఆ మళ్లిక మూడు వారాలు ముదురుతుంది. విచిత్రంగా, ట్రోమ్సోలో లెక్క ప్రకారం సూర్యుడు దిగ్మండలాన్ని తాకేది కూడా సంక్రాంతి రోజుల్లోనే. కాకపోతే ఊరి చుట్టూ కొండలు అడ్డం. వాటి మీదుగా తొలి కిరణం ఊళ్లో పడేసరికి జనవరి 21 అవుతుంది. ఆ రోజు అక్కడ పండగే. లోపల జామ్ పెట్టి వేయించిన గుండ్రటి బన్నులు అందరూ తింటారు. వాటి పేరే సూర్యుడి బన్నులు. కనిపించేది కొద్ది నిమిషాలే అయినా ఊరంతా ఆ వైపే చూస్తుంది. మాస్టారు ఇది చదివి నోటుబుక్కు మూసేసి, ‘మన ఉత్తరాయణమేనే!’ అన్నారు.

సూర్యుడు రాకముందు కూడా పూర్తి చీకటి కాదట. మధ్యాహ్నం రెండు మూడు గంటలు ఆకాశం నీలంగా వెలుగుతుంది, మంచు ఆ వెలుగును పట్టి ఇస్తుంది. ఆ వేళకు ముగ్గురూ కలిసి రోజూ నడవాలని నియమం పెట్టుకున్నారు. సముద్రం మీద 1960లో కట్టిన కిలోమీటరు పొడవు వంతెన ఉంది. ఆయన మోకాలు ఎంతవరకు ఒప్పుకుంటే అంతవరకు. కేబుల్ కారులో 421 మీటర్ల కొండ ఎక్కడం గాలి అనుకూలిస్తేనే. ఇక ఆకాశంలో ఆకుపచ్చ తెరల్లా ఊగే ధ్రువ కాంతులు... సూర్యుడి నుంచి వచ్చే కణాలు వంద కిలోమీటర్ల పైన గాలిలోని ఆక్సిజన్‌ను తాకితే వచ్చే వెలుగది. ప్రపంచం నలుమూలల నుంచి దానికోసమే వస్తారు. మబ్బు పడితే ఎంత డబ్బు పోసినా కనిపించదు. నోటుబుక్కులో ఆయన దానికి తేదీ వేయలేదు. ‘దొరికితే’ అని మాత్రం రాసుకున్నారు.

వీసాలు వచ్చేశాయి. టిక్కెట్లు తీసేశారు. మళ్లీ నవంబరు చివరి వారం వచ్చింది. ఈసారి ఫోన్లు అటునుంచే ఎక్కువ. నాన్న బూట్ల కొలతెంత? దుప్పట్లు రెండు చాలా, మూడా? ఇక్కడ మినప్పప్పు దొరుకుతోంది, గారెలకు ఎంత నానబెట్టాలి? మొన్న మాట్లాడింది నలభై నిమిషాలు.

చివర్లో ఆయన ఫోను అందుకుని, మనసులో ఉన్న అనుమానం అడిగేశారు. ‘ఇంతా చేసి ఇరవై ఒకటిన మబ్బు పడితేనో?’

‘పడితే పడనీ నాన్నా. బన్నులైతే ఉంటాయిగా!’ అంది అమ్మాయి.

అని నవ్వింది. పక్కనే కూర్చున్న ఆవిడ ఆ నవ్వు విన్నారు. ఓసారి క్యాలెండరు వంక చూసుకుని, నువ్వులు వేయించడానికి లేచారు.