తలుపు బిళ్ళ

మన సంఘంలో అమెరికా వెళ్ళివచ్చిన పెద్దలకు కొదవలేదు. నయాగరా జలపాతాన్నీ, అక్కడి కొట్లలో కరివేపాకు ధరనూ చూచివచ్చి కథలు కథలుగా చెప్పినవారు ఎందరో ఉన్నారు. మేము చెప్పబోయేది అంతటి సంగతి కాదు. అరచేతిలో ఇమిడిపోయే ఒక బిళ్ళను పోగొట్టుకొన్న వైనం. మా ఇద్దరిలో ఎవరు పోగొట్టారని మాత్రం పాఠకులు అడగకూడదు. ఆ విషయంలో మా దంపతులకు ఒక ఒడంబడిక కుదిరింది. దాని ప్రకారం "మేము పోగొట్టాము" అనే వ్రాస్తున్నాము.

బరంపురంలో మాది వీధి అరుగుల ఇల్లు. పొద్దున్నే తీసిన వీధి తలుపు మళ్ళీ రాత్రి భోజనాలయ్యాక వేయడమే. ఊరికి వెళ్ళేటప్పుడు మాత్రం అలీగఢ్ తాళం పడుతుంది. దాని చెవి ఒకటి మా దగ్గర, రెండవది పక్కింటివారి దగ్గర నలభై ఏళ్ళుగా ఉంటున్నది. తాళం చెవి పోయిందన్న బెంగ మా ఇంట ఎన్నడూ లేదు.

మా అమ్మాయి రెండవ పురిటికని 2023 నవంబరులో వెళ్ళాము. షికాగో నగరానికి పడమట నేపర్‌విల్ అనే ఊళ్ళో వారి కాపురం. ఇంటికి ముందు వైపున చక్కని సింహద్వారం ఉన్నది. దానికి పూలదండ కూడా వ్రేలాడదీశారు. అయితే ఆ ద్వారాన మేము ఎవరినీ రాగా చూడలేదు, పోగా చూడలేదు. దాని తాళంచెవి ఎక్కడ ఉన్నదో అమ్మాయికీ తెలియదు, అల్లుడుగారికీ తెలియదు. రాకపోకలన్నీ గరాజు గుండానే.

గరాజు అంటే మన ఊళ్ళో లారీలు బాగుచేసే చోటు. అక్కడ అది ఇంట్లో ఒక గది. కార్లు రెండూ అందులోనే పడుకొంటాయి. దాని తలుపు పదహారు అడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు. బద్దీలు బద్దీలుగా మడత పడుతూ, పట్టాల మీద పైకి జారి, కప్పు కింద చాప పరచినట్టు పడుకొంటుంది. లోపల కప్పుకు బిగించిన మోటారు దాన్ని నడిపిస్తుంది. కారులో ఎండ అడ్డానికి తగిలించిన రిమోటు నొక్కితే వీధిలో ఉండగానే తలుపు లేస్తుంది. లోపలికి వెళ్ళాక గరాజు నుంచి వంటింట్లోకి మరొక తలుపు ఉన్నది. దానికి తాళం వేసే అలవాటు లేదు. కారు నడపని మాబోటి వారికోసం అల్లుడుగారు ఉంగరానికి తగిలించిన చిన్న రిమోటు ఒకటి ఇచ్చారు. మేము దానికి "బిళ్ళ" అని పేరు పెట్టుకొన్నాము.

బిళ్ళ చేతిలో లేనప్పుడు బయటికి రావడం ఒక విద్య. గోడకున్న మీట నొక్కి, తలుపు దిగుతూ ఉండగా బయటపడాలి. కాని గుమ్మానికి అటూ ఇటూ, నేలకు ఆరంగుళాల లోపున రెండు గాజుకళ్ళు ఉంటాయి. వాటి నడుమ కంటికి కనబడని కిరణం ఒకటి పోతూ ఉంటుంది. తలుపు కింద పసిపిల్లలు నలిగిపోయిన ప్రమాదాలు జరిగిన మీదట, 1993 నుంచి ఇళ్ళకు తయారయ్యే ప్రతి మోటారుకూ ఇటువంటి రక్షణ ఏదో ఒకటి ఉండాలని అక్కడ చట్టం చేశారు. కాలు ఆ కిరణానికి తగిలిందా, దిగుతున్న తలుపు మళ్ళీ పైకి లేచిపోతుంది. అంచేత మేము ఒకరి తరువాత ఒకరం నడుం వంచి, ఏమీలేని చోట కాలు ఎత్తి దాటుతూ ఉండేవారము. ఎదురింటి ముసలాయన కిటికీలోంచి అది చూచి ఏమనుకొన్నాడో.

గరాజు బయట గోడకు అంకెల పలక కూడా ఒకటి ఉన్నది. నాలుగంకెలు నొక్కితే తలుపు తెరుచుకోవాలి. దాని బ్యాటరీ దసరానాటికే నీరసించిందట. "ఈ ఆదివారం మారుస్తాను మామయ్యగారూ" అని అల్లుడుగారు అంటూనే ఉన్నారు. చలి ముదిరేసరికి అది బొత్తిగా పలకడం మానేసింది.

2024 జనవరిలో అమ్మాయికి ఆడపిల్ల పుట్టింది. మరునాడు అల్లుడుగారు ఆస్పత్రిలోనే ఉన్నారు. అయిదేళ్ళ మనుమడూ మేమూ ఇంట్లో మిగిలాము. రాత్రంతా మంచు కురిసి మోకాలి లోతున పేరుకొన్నది. మంచుబొమ్మ చేయాలని వాడు ఒకటే గోల. సరే అయిదు నిమిషాలే గదా అని ముగ్గురమూ కోట్లు తొడుక్కొని బయటికి వచ్చాము. ఫోనులు రెండూ వంటింట్లో చార్జింగుకు పెట్టి ఉన్నాయి. బిళ్ళ నొక్కి తలుపు వేశాము. మంచు బొమ్మకు తల పెట్టేసరికి అరగంట అయింది. తీరా లోపలికి వెళ్దామని జేబు తడుముకొంటే బిళ్ళ లేదు.

చేతితొడుగు తీసినప్పుడో వేసినప్పుడో జారి ఉంటుంది. నల్లని బిళ్ళ, తెల్లని మంచు. కనబడక ఎక్కడికి పోతుందని వెతకడం మొదలుపెట్టాము. మంచు మెత్తగా ఉన్నది. పడిన వస్తువు అడుగుకు దిగిపోయి, పైన రంధ్రం కూడా మిగలదని అప్పుడు తెలిసింది. పైగా మేము తొక్కిన చోటల్లా మరింత కప్పడిపోయింది. ఆలీబాబా కథలో కాశిం మంత్రం మరచి గుహ లోపల ఇరుక్కొన్నాడు. మేము బయట ఇరుక్కొన్నాము, తేడా అంతే.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. ఎదురిల్లు ముప్ఫై గజాల దూరంలో ఉన్నది. కిటికీలో దీపం కూడా వెలుగుతున్నది. అయినా మేము పావుగంట సేపు మంచు తవ్వుతూనే ఉన్నాము. ముఖపరిచయం లేని ఇంటి తలుపు ఎట్లా తట్టడం, మన ఇంగ్లీషు వాళ్ళకు అర్థమవుతుందా, అల్లుడుగారికి తలవంపులుగా ఉంటుందేమో, ఇవీ మా ఆలోచనలు. ఈలోగా పిల్లవాడు బొమ్మ సంగతి మరచి, చేతులు చంకల్లో పెట్టుకొని మాట్లాడకుండా నిలబడ్డాడు. గోల చేసే పిల్లవాడు నోరు మెదపకపోవడం చూచి మాకు గుండె జారింది. చేతితొడుగు తీసి చూస్తే వేళ్ళు ఎర్రగా కమిలి, కొయ్యల్లా ఉన్నాయి. ఆ పావుగంట మాకు ఇప్పటికీ గుచ్చుకొంటూ ఉంటుంది.

వాడిని ఎత్తుకొని వెళ్ళి ఎదురింటి తలుపు తట్టాము. ముసలాయన మమ్మల్ని చూడగానే, ఏమీ అడగకుండానే లోపలికి రమ్మన్నాడు. ఆయన భార్య పిల్లవాడి తడిసిన మేజోళ్ళు ఊడదీసి, చేతులు గోరువెచ్చని నీళ్ళలో పెట్టించింది. అల్లుడుగారికి ఫోను చేద్దామని ఆయన తన ఫోను మా చేతికిచ్చాడు. అప్పుడు చూసుకోండి మా అవస్థ. అల్లుడుగారి నంబరు మాకు రాదు. అమ్మాయిదీ రాదు. పాతికేళ్ళ కిందటి మన వీధి లాండ్‌లైను నంబర్లు ఇప్పటికీ అప్పజెప్పగలము, ఇవి మాత్రం ఫోనులో ఉన్నాయన్న ధీమాతో ఒక్కటీ కంఠస్థం చేయలేదు.

అమ్మమ్మా తాతయ్యా తెల్లముఖాలు వేసుకొని నిలబడితే, మనుమడు నీళ్ళగిన్నెలోంచి తలెత్తి, పాటలాగా పది అంకెలు చదివాడు. బడిలో పిల్లలందరిచేతా తల్లి నంబరు వల్లె వేయిస్తారట. ఫోను మోగింది. "హలో" అని నీరసంగా అమ్మాయి గొంతు. "అమ్మా, మేమే" అన్నాము. ఒక్క క్షణం ఊరుకొని, "పిల్లాడేడీ?" అన్నది.

సంగతి చెప్పాము. ఆ తలుపు ఫోనులోంచి కూడా తెరుచుకొంటుందని మాకు ఎవరూ చెప్పలేదు, మేము అడగనూ లేదు. "కిటికీలోంచి చూడండి నాన్నా" అన్నది. చూస్తూ ఉండగానే వీధికి ఆవల మా గరాజు తలుపు తనంతట తాను మెల్లగా లేచింది. పురిటిమంచం మీద పసిపిల్లను పక్కలో వేసుకొని అక్కడెక్కడి నుంచో అమ్మాయి మాకు తలుపు తీసింది. ఆ పూటకు మమ్మల్ని ఎవరూ ఏమీ అనలేదు. అంటే బాగుండుననిపించింది.

ముసలాయన ఉద్యోగకాలంలో ఎలక్ట్రీషియనుగా పనిచేసినవాడు. మమ్మల్ని ఇంటిదాకా దిగబెట్టి, పోయిన బిళ్ళ సంగతి అంతటితో వదలవద్దన్నాడు. మంచు కరిగాక అది ఎవరికైనా దొరకవచ్చు. దొరికినవాడు వాకిట్లో నిలబడి నొక్కితే చాలు, తలుపు తెరుచుకొంటుంది. వంటింటి తలుపుకు తాళం లేదాయె. కనుక మోటారు ఆ బిళ్ళను మరచిపోయేటట్టు చేయాలి. మరునాడు ఆయన కింద నిలబడి చెప్పగా, మాలో ఒకరం నిచ్చెన ఎక్కాము, ఒకరం పట్టుకొన్నాము. మోటారు వెనుక రంగు మీట ఒకటి ఉన్నది. దాన్ని పక్కనున్న దీపం ఆరిపోయేదాకా, సుమారు ఆరు సెకన్లు, నొక్కిపట్టాలి. దానితో మోటారు అన్ని రిమోటులనూ ఒక్కసారే మరచిపోతుంది. ఒక్క దానినే మరచిపొమ్మంటే దానికి తెలియదు. తరువాత మీటను ఒకసారి నొక్కి వదలి, అర నిమిషంలోగా మన దగ్గరున్న రిమోటు నొక్కాలి. మోటారు మీది దీపం మిణుక్కుమంటే గుర్తుపట్టినట్టు. ఒకదాని తరువాత ఒకటిగా, కారు రిమోటులూ, కొత్త బ్యాటరీ వేసిన అంకెల పలకా, మాకోసం తెచ్చిన కొత్త బిళ్ళా దానికి పరిచయం చేశాము. కొత్త కోడలికి బంధువులను చూపించినట్టే ఉన్నది.

ముసలాయనకు మాటలంటే సరదా. పూర్వం రిమోటులోనూ మోటారులోనూ చిన్నచిన్న మీటలు వరుసగా ఉండేవట. రెండుచోట్లా ఒకేలా అమరిస్తే తలుపు పలికేది. పన్నెండు మీటలుంటే 4096 అమరికలు. ఒక వీధిలో ఇద్దరిది ఒకే అమరిక అయితే ఒకరి బిళ్ళకు ఇంకొకరి తలుపు తెరుచుకొనేది. అటువంటి పాత తలుపులను 2015లో సామీ కామ్కర్ అనే ఆయన, పిల్లల ఆటవస్తువు నొకదాన్ని సవరించి, పది సెకన్ల లోపల తెరిచి చూపించాడు. ఇప్పటివాటిలో నొక్కినప్పుడల్లా సంకేతం మారిపోతూ ఉంటుంది కనుక ఆ భయం తక్కువ.

కొత్త బిళ్ళతో ఇంకొక చిక్కు వచ్చింది. తలుపుకు ఆనుకొని నిలబడితే తప్ప పనిచేయదు. కొట్టువాడు పాడుసరుకు అంటగట్టాడనుకొన్నాము. ముసలాయన నవ్వి, 2004లో ఫ్లోరిడాలో జరిగిన ముచ్చట చెప్పాడు. ఎగ్లిన్ వైమానిక స్థావరంలో కొత్త రేడియోలు పరీక్షిస్తూ ఉండగా చుట్టుపక్కల ఇళ్ళ గరాజు తలుపులు రిమోటుకు పలకడం మానేశాయి. సైన్యం వాడుకొన్న తరంగాలూ, ఈ రిమోటుల తరంగాలూ 390 మెగాహెర్ట్జ్ దగ్గర ఒకటే అయినాయి. మా గరాజులో సైన్యం లేదు గాని, మోటారుకు తగిలించిన చవకరకం ఎల్‌ఈడీ దీపం ఉన్నది. దాన్ని విప్పించి, "ఇప్పుడు నొక్కండి" అన్నాడు. వీధి చివరినుంచి నొక్కినా తలుపు లేచింది. ఆ దీపం వెదజల్లే రొదలో బిళ్ళ మాట మోటారుకు వినబడలేదన్నమాట. బిళ్ళను తిరిగి ఇచ్చేయడానికి చీటీ కూడా సిద్ధం చేసుకొన్న మేము, చీటీ మడిచి జేబులో పెట్టుకొన్నాము.

కరెంటు పోతే ఏమిటని కూడా అడిగాము. మోటారు పట్టా నుంచి ఎర్రని పిడి ఒకటి తాడుకు వ్రేలాడుతూ ఉంటుంది. తలుపు పూర్తిగా దిగి ఉన్నప్పుడు దాన్ని లాగితే మోటారుతో లంకె ఊడిపోతుంది, అటుపైని చేత్తో ఎత్తుకోవచ్చు. అంత తలుపూ చేత్తో లేస్తుందా అంటే లేస్తుంది. బరువు మోసేది మోటారు కాదు, తలుపు నెత్తిన ఉన్న స్ప్రింగు. ఆ స్ప్రింగు జోలికి మాత్రం పోవద్దన్నాడు, విరిగితే ప్రాణం తీస్తుంది. స్ప్రింగు విరిగి ఉండగా, తలుపు పైకి ఉన్నప్పుడు ఎర్రపిడి లాగితే తలుపు ధబీమని కూలుతుంది. కాలిఫోర్నియాలో 2017లో కార్చిచ్చులు వచ్చి కరెంటు పోయినప్పుడు తలుపు ఎత్తుకోలేక కొందరు గరాజుల్లోనే చిక్కుకొని పోయారు. అందుచేత 2019 జులై నుంచి అక్కడ అమ్మే మోటారులకు బ్యాటరీ కూడా ఉండాలన్నారు. పురుళ్ళకు వెళ్ళే మన పెద్దలు విమానం దిగిన మొదటిరోజే ఆ ఎర్రపిడి ఎక్కడున్నదో అడిగి, ఒకసారి లాగి చూసుకోవడం మంచిది. మళ్ళీ ఎట్లా తగిలించాలో కూడా అడగండి.

సింహద్వారం తాళంచెవి చివరకు దొరికింది. ఇల్లు కొన్న కాగితాల కవరులో, ఇంకా సీసం తాడు కూడా తెంపకుండా ఉన్నది. అల్లుడుగారు దానికి రెండు నకళ్ళు చేయించారు. ఒకటి మా మెడలో పడింది. రెండవది ఎదురింట ఇచ్చి వచ్చాము. ఆ రోజు మా ఇంట్లో చేసిన పులిహోర కూడా పట్టుకొని వెళ్ళాము. ముసలాయన భార్య చెవిని మేకుకు తగిలిస్తూ, తమ ఇంటి చెవి ఒకటి తీసి మా అమ్మాయికి ఇమ్మన్నది.

మార్చిలో మంచు కరిగింది. ఒకనాడు మనుమడు గడ్డిలోంచి నల్లని బిళ్ళ తెచ్చి చేతిలో పెట్టాడు. మేము తవ్వినచోటికి పది గజాల ఇవతల, చెత్తడబ్బా పక్కన దొరికిందట. రెండు నెలలు మంచు కింద ఉన్నా, నొక్కితే దీపం వెలిగింది. తలుపు మాత్రం ఉలకలేదు, పలకలేదు. బిళ్ళ ఎవరి జేబులోంచి ఎక్కడ పడిందో దానినిబట్టి తేలిపోతుంది గనుక మేము ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. అది ఇప్పుడు వాడి దగ్గరే ఉన్నది. ఉయ్యాలలో చెల్లెలి ముందు నిలబడి నొక్కుతూ ఉంటాడు, అది కళ్ళు తెరిస్తే తానే తెరిపించానంటాడు.