స్టార్ గుర్తు నేర్పిన పాఠం

కంప్యూటర్ గదిలో నేను చేసిన తప్పు దాచకుండా రాస్తున్నాను.

"పాత1, పాత2 అని ఉన్న ఫైళ్ళన్నీ తీసెయ్యరా" అన్నారు సారు. అవి నలభై. ఒక్కొక్కటి తీయడానికి బద్ధకించి పైథాన్‌లో నాలుగు లైన్ల ప్రోగ్రాం రాశాను. అందులో గ్లాబ్ అనేది మనం చెప్పిన పోలిక ఉన్న పేర్లన్నీ ఏరి ఇస్తుంది. ఈ పద్ధతి 1971 నాటి యూనిక్స్‌లోనే ఉంది. "పాత?" అంటే పాత1 నుంచి పాత9 దాకానే, పాత10 రాదు. "పాత*" అంటే వెనక ఎన్ని ఉన్నా వస్తాయి. వార్డెన్ సారు "ఎనిమిదో తరగతోళ్ళంతా రండి" అంటే అందరం పోయినట్టు.

నేను తొందరలో "పా*" అని కొట్టాను. పాట1, పాట2 కూడా పోయాయి! అవి నా పక్క మంచం వాడు వాళ్ళవ్వ దగ్గర విని టైపు చేసుకున్న పాటలు. ఇట్లా తీసేస్తే చెత్తబుట్టలో కూడా దొరకవు. వాడు నన్ను తిట్టలేదు. ఆ రాత్రి అన్నం మాత్రం తినలేదు.

అవ్వ ఉంది కాబట్టి సరిపోయింది. సెలవులకి వాళ్ళ ఊరు పోయి నేనే కూర్చుని రాసుకొస్తాను.

తీసే ముందు పేర్లు ప్రింట్ చేసి చూసుకోండి. ఆ ఒక్క లైను నేను రాయలేదు.

– 9వ తరగతి విద్యార్థి